నొక్కితే మోగని కీబోర్డు

(మైదుకూరు యువజన సమావేశంలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి ఇచ్చాను.)

వెనక గోడకు ఆనుకొని నిలబడిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అటెండెన్స్ వేయను, భయపడకండి.

నేను మాట్లాడబోయే విషయం విని మన వాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. హాస్టల్ వార్డెన్ మేడం పరీక్షల గురించి, స్కాలర్‌షిప్ ఫారాల గురించి చెప్పాలి గానీ మ్యూజిక్ కీబోర్డు గురించి ఏం చెబుతుందని. నేను సంగీతం నేర్చుకున్న మనిషిని కాను. టీచర్ ట్రైనింగ్ చదివాను. ఏదైనా ఒక వస్తువును తెలియనివాడికి ఎట్లా విడమరిచి చెప్పాలో ఆ చదువు నేర్పింది. రెండేళ్లుగా ఆదివారాల్లో మా పిల్లలతో కలిసి ఈ పెట్టెతో కుస్తీ పడుతున్నా. ఆ కుస్తీలో తెలిసింది మీకు చెబితే, మీ కూలి డబ్బులు కొన్నైనా మిగులుతాయని ఒప్పుకొన్నాను.

కూలి డబ్బులని ఊరికే అనలేదు. మా హాస్టల్లో చదివి వెళ్లిన ఒక పిల్లోడు పసుపు తవ్వే సీజన్లో, ఉల్లి కోతల్లో పని చేసి డబ్బు కూడబెట్టుకొని ఆన్‌లైన్‌లో కీబోర్డు తెప్పించుకున్నాడు. పెట్టె తెరిచి, వైరు సెల్‌ఫోన్ చార్జరుకు తగిలించి, కీలు నొక్కాడు. లైట్లు వెలిగాయి. శబ్దం రాలేదు. చెడిపోయిన మాలు పంపించారని వాపస్ పెట్టబోతూ నా దగ్గరికి తెచ్చాడు. ఆ కీబోర్డు బంగారంలా ఉంది. దానికి అసలు గొంతే ఉండదు, అంతే. దాన్ని అలాగే తయారుచేస్తారు.

దీన్ని మిడి కంట్రోలర్ అంటారు. మన ఇంట్లో స్విచ్ బోర్డు ఉంది, ఫ్యాను ఉంది. స్విచ్ నొక్కితే గాలి స్విచ్‌లోంచి రాదు కదా. ఈ కీబోర్డు స్విచ్ బోర్డు. ఫ్యాను మీ ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో ఉండే సాఫ్ట్‌వేర్. మీరు ఒక కీ నొక్కితే కీబోర్డు నుంచి వైరులో పోయేది మూడు అంకెలు మాత్రమే. ఏ పని అన్నది ఒక అంకె, ఏ కీ అన్నది రెండో అంకె, ఎంత గట్టిగా కొట్టావన్నది మూడో అంకె. పియానో మధ్యలో ఉండే ‘సి’ కీ నంబరు 60. దాన్ని మెల్లగా తాకితే మూడో అంకె ఏ 30గానో, గట్టిగా కొడితే 110గానో పోతుంది. ఎంత కొట్టినా 127 దాటదు. ఈ అంకెలను అందుకొని పిల్లనగ్రోవిలా మోగాలా, వయొలిన్‌లా మోగాలా, నగారాలా మోగాలా అని నిర్ణయించేది సాఫ్ట్‌వేర్. అందుకే ఒకసారి వాయించి రికార్డు చేసుకున్న వరసను తర్వాత ఏ వాయిద్యంగా అయినా మార్చుకోవచ్చు. తప్పు పడిన ఒక్క కీని మౌస్‌తో జరిపి సరిచేసుకోవచ్చు. మామూలు ఆడియో రికార్డింగు ఫొటో లాంటిది. మిడి ఉత్తరం లాంటిది. ఉత్తరంలో అక్షరం దిద్దినట్టు ఇందులో స్వరం దిద్దుకోవచ్చు.

ఇది కొత్త సంగతి కాదు. 1983లో అమెరికాలో ఒక వాయిద్యాల ప్రదర్శనలో రెండు వేరువేరు కంపెనీల సింథసైజర్లను ఒక వైరుతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది మోగేట్టు చూపించారు. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌కు చెందిన ఇకుతారో కకెహాషి ఇందులో ముఖ్యులు. పోటీ కంపెనీల వాళ్లయినా ఒకే భాష పెట్టుకుందామని ఒప్పుకొన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2013లో, ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మన తెలుగు సినిమా పాటల్లోకి కూడా కీబోర్డులు, ప్రోగ్రామింగు ఆ దశకంలోనే గట్టిగా దిగాయి. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే 1992లో ‘రోజా’తో ఏ.ఆర్. రెహమాన్‌గా దేశానికి తెలిశాడు. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు వాయించినవాడే. అప్పట్లో ఆ సామాను మద్రాసులో కొద్దిమంది దగ్గరే ఉండేది. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం ఒక పాత ల్యాప్‌టాప్ చేస్తుంది.

మరి ఏది కొనాలి?

కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. నేను ఎక్కడ వాయించాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించి నాలుగు డబ్బులు సంపాదించాలని ఉంటే మిడి కంట్రోలర్ కొనకండి. స్టేజీ మీద ల్యాప్‌టాప్ ఆగిపోతే, చార్జింగ్ అయిపోతే, పెళ్లివాళ్లు ఊరుకోరు. మీకు కావలసింది సొంత శబ్దం, సొంత తాళాలు ఉండే మామూలు కీబోర్డు. అయితే దాని వెనక కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూసి కొనండి. అది ఉంటే ఆ కీబోర్డే రేపు మిడి కంట్రోలర్‌గా కూడా పనికొస్తుంది. ఒకే కుటుంబంలోని రెండు మోడళ్లలో కూడా తేడా ఉంటుంది. యమహా పీఎస్ఆర్-ఇ273లో ఆ పోర్టు లేదు, ఇ373లో ఉంది. బయటికి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఎవరూ ఈ సంగతి చెప్పరు. మీరే వెనక్కి తిప్పి చూడాలి.

ఇంట్లో కూర్చొని పాట తయారుచేయాలి, మన తండా పాటలకు నేపథ్యం కట్టాలి, షార్ట్ ఫిలింలకు సంగీతం ఇవ్వాలి అనుకునేవాళ్లకు కంట్రోలర్ సరిపోతుంది. 25 కీలవి, 49 కీలవి, 61 కీలవి, 88 కీలవి దొరుకుతాయి. పెద్దది కొంటే పెద్ద సంగీతం వస్తుందనుకోవద్దు. మన పాటలు చాలా వరకు ఎనిమిది, తొమ్మిది స్వరాల వెడల్పులోనే తిరుగుతాయి. 25 కీలంటే రెండు స్థాయిలు. ఇంకా పైకో కిందికో పోవాలంటే ఆక్టేవ్ అనే బటన్ ఉంటుంది, నొక్కితే కీబోర్డంతా ఒక స్థాయి జరుగుతుంది. రెండు చేతులతో పియానో పద్ధతిలో నేర్చుకోవాలంటే మాత్రం 49కి తగ్గవద్దు. 25లో కుడిచెయ్యి ఎడమచెయ్యిని గుద్దుకుంటుంది.

నా మాట అడిగితే, మన పిల్లలకు 25 కీలతోపాటు చతురస్రంగా రబ్బరు ప్యాడ్లు ఉండేది మేలు. అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్, నోవేషన్ లాంచ్‌కీ మినీ ఈ రకం. ఎందుకంటే మన సంగీతానికి ప్రాణం దెబ్బలో ఉంది. ఆ ప్యాడ్ల మీద వేళ్లతో నగారా కొట్టుకోవచ్చు. ఎం-ఆడియో కీస్టేషన్ లాంటి వాటికి కీలు పెద్దవి, చేతికి సుఖం, కానీ ప్యాడ్లుండవు. ధరలు రోజుకోలా మారుతుంటాయి. నేను ఈ మాట చెప్పే నాటికి చిన్నవి సుమారు 6,000 నుంచి 12,000 రూపాయల మధ్య ఉన్నాయి. ఇంతకు మించి మొదటిసారే పెట్టవద్దు. కంతుల మీద అసలే వద్దు. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా తప్పు లేదు.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. కీలు దెబ్బను గుర్తిస్తాయా, అంటే మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలుకుతాయా? దీన్ని వెలాసిటీ అంటారు, అది లేనిది బొమ్మ కిందే లెక్క. రెండోది, కరెంటు అడాప్టరు లేకుండా యూఎస్‌బీ వైరుతోనే నడుస్తుందా? మూడోది, దాంతోపాటు సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇస్తున్నారా? చాలా కంపెనీలు ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటిదేదో ఒకటి ఉచితంగా ఇస్తాయి. ఆ కోడు పెట్టెలోని కాగితం మీద ఉంటుంది, లేదా కంపెనీ సైటులో మీ పేరుతో రిజిస్టర్ చేసుకుంటే వస్తుంది. మనవాళ్లు పెట్టె చింపి ఆ కాగితం పారేస్తారు. పారేయకండి, అది డబ్బు.

ల్యాప్‌టాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే హాయి. 4 జీబీ ఉన్నా తేలిక సాఫ్ట్‌వేర్‌తో పని నడుస్తుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లు దిగులు పడకండి. ఆండ్రాయిడ్ ఫోన్లు వెర్షన్ 6 నుంచి మిడిని గుర్తిస్తాయి. ఓటీజీ అనే చిన్న కనెక్టర్ వంద రూపాయలకో రెండు వందలకో దొరుకుతుంది. ఫోన్లో బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్ వేసుకొని మొదలుపెట్టవచ్చు. ఐఫోన్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఐఫోన్ ఉన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నేను అడగను.

ల్యాప్‌టాప్‌లో మా హాస్టల్ పిల్లలు వాడేది రీపర్. చాలా చిన్న ఫైలు, పాత మిషన్ మీద కూడా పరుగెత్తుతుంది. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడి చూడవచ్చు, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. పూర్తిగా ఉచితంగా కావాలంటే వేవ్‌ఫారమ్ ఫ్రీ, ఎల్ఎంఎంఎస్ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ మాత్రం వేసుకోకండి. లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ ఊరికే వచ్చిందని సంబరపడేలోపు వైరస్ వచ్చి మీ స్కాలర్‌షిప్ కాగితాలు, ఫొటోలు అన్నీ మింగేస్తుంది. ఉచితంగా, న్యాయంగా దొరికేవే మనకు సరిపోయినన్ని ఉన్నాయి.

ఇప్పుడు బిగించడం. ముందు కీబోర్డు వైరును నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. పెట్టిన తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరిచిన తర్వాత తగిలించిన కీబోర్డును చూడవు. రీపర్‌లో ఆప్షన్స్‌లోకి పోయి ప్రిఫరెన్సెస్ తెరిస్తే మిడి అనే చోట మీ కీబోర్డు పేరు కనబడుతుంది. దాన్ని ఎనేబుల్ చేయాలి. తర్వాత ఒక కొత్త ట్రాక్ తెరవండి. దాని ఎర్ర బటన్ నొక్కండి. ఇన్‌పుట్‌లో మైకు బదులు మిడి ఎంచుకోండి. ఆ ట్రాక్ ఎఫ్ఎక్స్ బటన్ నొక్కి ఒక వాయిద్యం పెట్టండి. మొదటి పరీక్షకు రీపర్‌తోనే వచ్చే రీసింత్ చాలు, వినడానికి ఈల మాదిరి ఉంటుంది, కానీ ఆ ఈల వస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

రాకపోతే గాభరా పడి అన్ని బటన్లూ నొక్కవద్దు. వరసగా వెతకండి. పొలానికి నీళ్లు రాకపోతే బోరు దగ్గర మొదలుపెట్టి పైపు వెంబడి నడిచినట్టు. కీ నొక్కినప్పుడు ట్రాక్‌లో మీటరు కదులుతోందా? కదలకపోతే తప్పు కీబోర్డుకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఉంది, వైరో, ఎనేబుల్ చేయకపోవడమో. మీటరు కదులుతూ శబ్దం రాకపోతే వాయిద్యం పెట్టలేదు, లేదా శబ్దం ఇంకో స్పీకరుకు పోతోంది. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి సగం ఈ రెండోదే.

ఇంకొక జబ్బు ఉంది, అది చాలామందిని నిరుత్సాహపెట్టి కీబోర్డును అటక ఎక్కిస్తుంది. కీ నొక్కుతారు, శబ్దం కాస్త ఆగి వస్తుంది. తాళం కుదరదు. తనకే చేతకాదని పిల్లలు అనుకుంటారు. ఆ లోపం వాళ్లది కాదు. దాన్ని లేటెన్సీ అంటారు. కంప్యూటర్ శబ్దాన్ని చెంబులతో మోస్తుందనుకోండి. చెంబు నిండేదాకా పోయదు. ఆ చెంబు పేరు బఫర్. సెకనుకు 44,100 బొట్లు పడుతుంటే, 1,024 బొట్ల చెంబు నిండటానికి 23 మిల్లీసెకన్లు, 256 బొట్ల చెంబుకు దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. దారిలో ఇంకా కొంత కలుస్తుంది. పది మిల్లీసెకన్లంటే ఎంత? మూడు మీటర్ల దూరంలో నిలబడి నగారా వింటే ఆ శబ్దం మన చెవికి చేరడానికి పట్టేంత. అంత వరకు మన చెవి ఓర్చుకుంటుంది. అందుకే వాయించేటప్పుడు బఫర్ 256కో 128కో దించండి. చిటపటమని పగుళ్లు వినబడితే కొంచెం పెంచండి. విండోస్‌లో ఏఎస్ఐఓ4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, ఆడియో డివైస్‌లో ఏఎస్ఐఓ ఎంచుకుంటే చాలా తేడా వస్తుంది. ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టేయండి. వాటిలో ఆలస్యం తరచుగా వంద, రెండు వందల మిల్లీసెకన్లు ఉంటుంది. పాట వినడానికి బాగుంటాయి, వాయించడానికి పనికిరావు. నూట యాభై రూపాయల వైరు ఇయర్‌ఫోన్ వాటికంటే మేలు.

ఇంతవరకు చెప్పింది ఏ ఊరివాళ్లకైనా ఒకటే. ఇక్కడి నుంచి మన సంగతి.

మన పిల్లలు కీబోర్డు కొని మొదట ఏం చేస్తారో నేను చూశాను. ఒక తీజ్ పాటో, హోలీ నాటి లెంగీ పాటో అవ్వ చేత పాడిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో టక్ టక్ అని కొట్టే క్లిక్ పెట్టి, ‘అవ్వా, దీని ప్రకారం పాడు’ అంటారు. అవ్వ రెండు వరసలు పాడి ఆగిపోతుంది. అడుగు ఎక్కడ పడితే పాట అక్కడ పడాలి ఆమెకు. నాట్యం నడిస్తే పాట నడుస్తుంది, మలుపు దగ్గర కాస్త సాగుతుంది, మళ్లీ అందుకుంటుంది. అవ్వకు తాళం తెలియదని పిల్లవాడు నిర్ణయిస్తాడు. అరవై ఏళ్లు వలయంలో ఆడిన మనిషికి తాళం తెలియకపోవడమేమిటి? ఆమె తాళం మిషన్ తాళం కాదు, అంతే.

కాబట్టి క్రమం తిప్పండి. ముందు అవ్వ పాట, క్లిక్ లేకుండా, ఆమెకు నచ్చినట్టు, వీలైతే పక్కన ఇద్దరు ఆడవాళ్లు అందుకుంటుండగా, చప్పట్లతో సహా రికార్డు చేయండి. ఫోను చాలు. ఫ్యాను ఆపండి, కుక్కరు దించండి, ఫోను ఆమె నోటికి మూరెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. ఆ రికార్డింగును సాఫ్ట్‌వేర్‌లో మొదటి ట్రాక్‌గా వేసి, దాన్ని వింటూ మీరు కీబోర్డు వాయించండి. ఆమె వెనక మీరు నడవాలి. ఒక మనిషి పాట వెనక వేళ్లు నడపడం నేర్చుకున్నవాడికి సినిమా పాట వెనక నడవడం కష్టం కాదు.

రెండో చిక్కు శృతి. కీబోర్డు మీద ఒక స్థాయికి పన్నెండు కీలు. ప్రతి రెండు కీల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేశారు, ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు. అవ్వ శృతి పెట్టె చూసి పాట ఎత్తుకోదు కదా. ఆమె గొంతు ఏ రెండు కీల మధ్యనో, ఒకదానికి 35 సెంట్ల పైన నిలబడుతుంది. మీరు దగ్గరి కీ నొక్కితే పాట, వాయిద్యం గొడవ పడినట్టు వినిపిస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని, ఆమె గొంతును సాఫ్ట్‌వేర్‌తో లాగి కీకి కట్టేయడం. ఆటోట్యూన్ అంటే అదే. నా మనవి, ఆ పని చేయకండి. ఫోన్లో ఉచిత ట్యూనర్ యాప్ ఉంటుంది. ఆమె పాట మళ్లీ మళ్లీ వచ్చి నిలిచే స్వరాన్ని దానికి వినిపిస్తే, ఏ కీ, ఎన్ని సెంట్లు అని చూపిస్తుంది. చాలా వాయిద్యాల ప్లగిన్లలో ట్యూన్ అనే గుండీ ఉంటుంది. ఆ 35 సెంట్లు వాయిద్యాన్నే పైకి జరపండి. ఒక్క నిమిషం పని. మిషన్ జరగగలదు, జరగనివ్వండి.

మధ్యలో వచ్చే స్వరాలు అప్పటికీ కొన్ని కీలకు అందవు. ముఖ్యంగా పెళ్లిలో ఆడపిల్ల తల్లినీ అన్నదమ్ములనూ పట్టుకొని ఏడుస్తూ పాడే ఢావలోలో. అందులో స్వరం నిలబడదు, జారుతుంది. కీబోర్డు ఎడమ పక్క ఉండే పిచ్ బెండ్‌తో కొంత పట్టుకోవచ్చు. మామూలుగా అది రెండు కీల దూరం పైకి, రెండు కీల దూరం కిందికి జరుపుతుంది. కొన్ని చిన్న కీబోర్డుల్లో చక్రానికి బదులు చిన్న పుల్లలాంటిదో, వేలు జరిపే పట్టీనో ఉంటుంది. నన్నడిగితే ఢావలోకు వాయిద్యమే వద్దు. పెట్టి తీరాలంటే అడుగున ఒక్క షడ్జమం, దాని పంచమం రెండు కీలు పట్టి ఉంచండి, తంబురాలాగ. మేజరు, మైనరు అని కార్డులు నొక్కితే పాటకు లేని రంగు పూసినట్టవుతుంది. దుఃఖపు పాట పుట్టినరోజు పాటలా మారడం నా చెవులతో విన్నాను.

మూడోది క్వాంటైజ్. ఒక్క బటన్ నొక్కితే మీరు ప్యాడ్ మీద కొట్టిన దెబ్బలన్నీ గీత గీసినట్టు సరిపోతాయి. కొత్తలో అది మంత్రంలా అనిపిస్తుంది. కానీ మా తండాలో నేను పుట్టినప్పటి నుంచి విన్న నగారా నడకలో ఒక దెబ్బ కొంచెం ఆలస్యంగా, తూగుతూ పడుతుంది. ఆ తూగుకే కాళ్లు లేస్తాయి. క్వాంటైజ్ నూటికి నూరు పెడితే ఆ తూగు చచ్చిపోతుంది, బ్యాండు మేళం కవాతులా వినిపిస్తుంది. యాభై శాతమో అంతకు తక్కువో పెట్టే వీలు ఉంటుంది, అది వాడండి. ఇంకొకటి, సాఫ్ట్‌వేర్ తెరవగానే నాలుగు దెబ్బల లెక్క పెట్టి ఉంటుంది. మీ పాట మూడు, ఆరు దెబ్బల్లో నడుస్తుంటే ముందే దాన్ని 6/8కి మార్చుకోండి. లేకపోతే ఎంత కొట్టినా గళ్లు కలవవు.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సాఫ్ట్‌వేర్‌లో వందల వాయిద్యాలుంటాయి, మన నగారా ఉండదు. తబలా ఉంటుంది, కాంగో ఉంటుంది, జపాన్ వాళ్ల తైకో కూడా ఉంటుంది. మన కంచు థాళీ ఉండదు. లేకపోతే ఏం, మనమే పెట్టుకుందాం. తాత చేత నగారా మీద ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కొట్టించండి. మధ్యలో ఒకటి, అంచు మీద ఒకటి, మెల్లగా, ఓ మోస్తరుగా, గట్టిగా. దెబ్బకూ దెబ్బకూ మధ్య శబ్దం పూర్తిగా ఆరనివ్వండి. ఆ ఒక్కొక్క దెబ్బను కత్తిరించి వేరే ఫైలుగా దాచండి. రీపర్‌తో వచ్చే రీశాంప్లోమాటిక్ అనే ప్లగిన్‌లో ఆ ఫైలు వేసి, మీ ప్యాడ్ పంపే నంబరు, 36 అయితే 36, దానికి చెప్పండి. మెల్లటి దెబ్బ ఫైలును చిన్న వెలాసిటీలకు, గట్టి దెబ్బ ఫైలును పెద్ద వాటికి కేటాయించండి. ఇప్పుడు ప్యాడ్ తాకితే మీ తాత నగారా మోగుతుంది. మా పిల్లలు మొదటిసారి అది విని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటే, రాత్రి స్టడీ అవర్ గంట కొట్టినా ఎవరికీ వినబడలేదు. డీసెంట్ శాంప్లర్ అనే ఉచిత ప్లగిన్‌తో ఇదే పని చేసి, ఆ ఫైళ్లను ఒక సంచిలా కట్టి ఇంకో తండా పిల్లలకు పంపించవచ్చు కూడా. ఎరుకల, యానాది అన్నదమ్ములు కూడా ఇక్కడ ఉన్నారు. మీ ఇళ్లల్లో ఏ వాయిద్యాలు మిగిలి ఉన్నాయో మీకే తెలుసు, వాటికీ ఇదే పద్ధతి.

ఇట్లా ఎందుకు చెబుతున్నానంటే, పట్నంలో ట్రాక్ కట్టించుకోవడానికి పోయిన మన వాళ్లు డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకున్న పాటలు నేను విన్నాను. గొంతు మనది. వెనక మోగేది అంతకుముందు వందమందికి అమ్మిన తాళమే. వాళ్ల తప్పు అని కూడా అనలేం, వాళ్ల దగ్గర మన నగారా లేదు. మన దగ్గర ఉంది. మన సుగాలి ఇళ్లల్లో పుట్టిన గొంతుకు ఈ రోజుల్లో ఎంత దూరం పోయే వీలుందో గుత్తి దగ్గర బసినేపల్లి తండాలో పుట్టిన మంగ్లిని చూస్తే తెలుస్తుంది. ఆమె తిరుపతిలో సంగీతం చదువుకొని వచ్చింది. చదువు మాట మళ్లీ తెచ్చానని విసుక్కోవద్దు.

పాటను యూట్యూబ్‌లో పెట్టే ముందు ఇంకో మాట. పాడిన అవ్వను అడగండి. ‘రికార్డు చేసుకుంటా’ అని అడగడం వేరు, ‘లోకమంతా చూసేట్టు పెడతా’ అని అడగడం వేరు. రెండూ అడగాలి. కొన్ని పాటలు పెళ్లి ఇంటికే, కొన్ని దేవుడి ముందే పాడేవి. పెద్దలు వద్దంటే ఆ ఫైలు మీ దగ్గరే ఉండాలి. పెట్టినప్పుడు ఆమె పేరు, తండా పేరు వీడియో కింద మొదటి వరసలో రాయండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో పాడిన మనిషికి, వాయించిన మనిషికి ప్రదర్శకుల హక్కు అని ఒకటి ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. అక్షరం రాని అవ్వకు కూడా ఆ హక్కు ఉంటుంది. డబ్బులు వస్తే ఆమెకు వాటా ఇవ్వాలని నేను చెప్పాల్సిన పని లేదనుకుంటా. చెప్పాల్సి వస్తే చెబుతున్నా, ఇవ్వండి.

ఫైళ్ల విషయం. ఫోన్ పోయింది, పాట పోయింది అని ఈ ఏడాదే ముగ్గురు చెప్పారు. పాడిన అవ్వ ఉన్నప్పుడు మళ్లీ పాడించవచ్చు. ముగ్గురిలో ఒకరికి ఆ వీలు లేకుండా పోయింది. రికార్డు చేసిన రోజే ఫైలుకు తేదీ, తండా, పాడినవారి పేరు, పాట మొదటి మాట పెట్టి దాచండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్ డ్రైవ్‌లో. పాట మాటలు మన భాషలో ఎట్లా పలుకుతారో అట్లాగే తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాయండి. తెలియని మాట వస్తే అవ్వనే అడగండి, ఖాళీ వదిలేయకండి.

మా హాస్టల్లో ఒక 25 కీల కంట్రోలరు, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఆదివారం పది గంటల నుంచి మధ్యాహ్నం భోజనం దాకా మన పిల్లలెవరైనా వచ్చి ముట్టుకొని చూడవచ్చు. కొనాలనుకునేవాళ్లు కొనక ముందే రండి. ఆడపిల్లలు అమ్మనో అక్కనో తోడు తెచ్చుకోండి, వాళ్లు కూడా పాడతారు. వైరు ఇయర్‌ఫోన్ మీదే తెచ్చుకోవాలి, ఉన్న రెండూ పిల్లలు తెంపేశారు. వచ్చే ఆదివారం ఒక తాత నగారా తెస్తానన్నాడు. దెబ్బలు విడివిడిగా రికార్డు చేస్తాం. తోలు వేడి చేయడానికి ఎండ చాలకపోతే కాస్త మంట వేయాలి, పుల్లలు తెచ్చేవాళ్లు చేతులెత్తండి.